మన బండి మనమే తోలుదాం

వాకిట్లో బండి

ఆమెకు ముప్పై ఆరేళ్లు. ఊళ్లో పాలు పోస్తుంది కాబట్టి అందరూ ఆమెను పాలక్క అంటారు. రెండేళ్ల కిందట మా రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు పేపరు కూడబలుక్కుని చదువుతుంది. లెక్కలు మాత్రం నాకంటే వేగంగా చేస్తుంది.

పాలక్క భర్త తాపీ పనికి బెంగుళూరు వెళ్తాడు. రెండు మూడు నెలలకు ఒకసారి ఇంటికి వస్తాడు. ఆయన మోటారు సైకిలు ఇంటి దగ్గరే ఉంటుంది. పట్టా కప్పి వాకిట్లో నిలబెడతారు.

పోయిన మార్చిలో వాళ్ల అమ్మాయికి పదో తరగతి పరీక్షలు. పరీక్ష జరిగే ఊరు ఆరు కిలోమీటర్లు. రోజూ వచ్చే ఆటో ఒకరోజు రాలేదు. తల్లీ కూతుళ్లు రోడ్డు మీద నిలబడ్డారు. చివరికి ఇటుకల ట్రాక్టరు ఒకటి వచ్చింది. దాని మీద ఎక్కి వెళ్లారు. పావుగంట ఆలస్యం అయింది. అమ్మాయి ఏడుస్తూ హాల్లోకి వెళ్లింది.

ఆ సాయంత్రం అమ్మాయి అడిగింది.

"అమ్మా, మనకు బండి ఉంది కదా! నీకెందుకు రాదు?"

పాలక్క దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి బడికి వచ్చి ఆ మాటే మా అందరికీ చెప్పింది.

"టీచరమ్మా, బండి ఉంది. తోలేవాళ్లు లేరు. ఇంక నేనే నేర్చుకుంటా. ఎంతవుద్దో, ఏం చెయ్యాలో నువ్వు చెప్పు."

నాకు గేరు లేని బండి మాత్రమే వచ్చు. గేరు బండి రాదు. అందుకని నేను కూడా ఆమెతో పాటు నేర్చుకుంటానన్నాను. మేమిద్దరం ఎలా నేర్చుకున్నామో, ఎంత ఖర్చయిందో ఈ పాఠంలో చెబుతాను.

మొదట కాగితాలు చూద్దాం

బండి తాళం తీసే ముందు బండి కాగితాలు తీయాలి. పాలక్క పెట్టెలోంచి ఒక కవరు తెచ్చింది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

"ఇది నాకు రాదు కదమ్మా" అంది.

"అక్కా, అంకెలు చదవండి" అన్నాను.

పాలక్క వేలు పెట్టి తేదీ చదివింది. మళ్లీ చదివింది. "ఇది అయిపోయి ఏడు నెలలు అయింది!" అంది. అది బీమా కాగితం. ఇన్ని నెలలూ ఇంట్లో ఎవరూ చూసుకోలేదు.

ప్రతి బండికీ కనీసం ఎదుటివారి కోసం చేసే బీమా ఉండాలి. దీన్ని థర్డ్ పార్టీ బీమా అంటారు. మన బండి తగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే, ప్రాణం పోతే, వారికి ఇవ్వాల్సిన నష్టపరిహారం బీమా కంపెనీ కడుతుంది. బీమా లేకపోతే ఆ సొమ్ము మన ఇంటి మీద పడుతుంది. పొలం అమ్మి కట్టాల్సి రావచ్చు. బీమా ఉన్నా, లైసెన్సు లేనివాళ్లు బండి తోలితే చిక్కే. కంపెనీ ఆ సొమ్మును మన దగ్గర వసూలు చేయడానికి రావచ్చు.

75 నుంచి 150 సీసీ బండికి ఏడాది థర్డ్ పార్టీ బీమా 714 రూపాయలని 2022లో నిర్ణయించారు. దాని మీద నూటికి 18 రూపాయల పన్ను. మొత్తం 843 రూపాయలు. పాలక్క మరునాడే కట్టింది.

బండి వెంట ఉండాల్సిన కాగితాలు నాలుగు: రిజిస్ట్రేషన్ కాగితం, బీమా కాగితం, పొగ పరీక్ష కాగితం, తోలేవారి లైసెన్సు.

లైసెన్సు ఎలా వస్తుంది?

లైసెన్సు రెండు మెట్లలో వస్తుంది.

మొదటి మెట్టు: నేర్చుకునే లైసెన్సు. దీన్ని ఎల్‌ఎల్‌ఆర్ అంటారు. ఇది లేకుండా రోడ్డు మీద నేర్చుకోకూడదు.

రెండో మెట్టు: పక్కా లైసెన్సు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాత దీనికి పరీక్షకు వెళ్లవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలే చెల్లుతుంది. ఆలోపు వెళ్లాలి.

వయసు 18 ఏళ్లు నిండాలి. 50 సీసీ లోపు గేరు లేని చిన్న బండికి మాత్రం 16 ఏళ్లు చాలు. 40 ఏళ్లు దాటిన వాళ్లు డాక్టరు సర్టిఫికెట్టు కూడా ఇవ్వాలి. సొంత బండి తోలడానికి ఇంత చదువు ఉండాలని నియమం లేదు. స్కూలు సర్టిఫికెట్టు లేదని వెనక్కి తగ్గకండి.

చాలామంది "మోపెడుకు లైసెన్సు ఎందుకు?" అంటారు. అది తప్పు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగే మోపెడ్లకు కూడా లైసెన్సు కావాలి. గేరు లేని బండి లైసెన్సుతో గేరు బండి తోలకూడదు. అందుకే నేను కూడా కొత్తగా దరఖాస్తు పెట్టాను.

ఆఫీసు దగ్గర ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. "మూడున్నర వేలు ఇవ్వండమ్మా, పరీక్ష లేకుండా ఇప్పిస్తా" అన్నాడు.

పాలక్క అడిగింది, "పరీక్ష లేకుండా కార్డు ఇప్పిస్తావు సరే. బండి కూడా నువ్వే వచ్చి తోలతావా?"

ఆయన ఇంకో మాట లేకుండా వెళ్లిపోయాడు.

చదువు పనికొచ్చిన రోజు

ఎల్‌ఎల్‌ఆర్ కోసం కంప్యూటరు మీద పరీక్ష ఉంటుంది. 20 ప్రశ్నలు. 12 సరిగ్గా చెబితే పాసు. ప్రశ్నలు తెలుగులో తీసుకోవచ్చు. ప్రతి ప్రశ్నకూ కింద జవాబులు ఇస్తారు. సరైనది ఎంచి నొక్కాలి.

నేను పాసయ్యాను. పాలక్క తప్పింది. పది మాత్రమే సరిపోయాయి.

"జవాబులు తెలుసు టీచరమ్మా. చదివేలోపు టైము అయిపోయింది" అంది. బస్సులో ఊరు వచ్చేదాకా మాట్లాడలేదు.

ఆ రాత్రి బడిలో మేము ఒక పని మొదలుపెట్టాం. రోజూ బోర్డు మీద పది ప్రశ్నలు రాసేవాళ్లం. అందరూ పైకి చదివేవాళ్లు. బండి నేర్చుకోని వాళ్లు కూడా చదివేవాళ్లు. "నడిచేవాళ్లకు కూడా ఈ బోర్డులు తెలియాలి కదా" అంది ఒక పెద్దమ్మ. ఆమె మాట నిజం.

మేము నేర్చుకున్న బోర్డులు ఇవి:

మూడు మూలల బోర్డు, ఎర్ర అంచు: జాగ్రత్త అని చెబుతుంది. ముందు మలుపు ఉంది, బడి ఉంది, రైలు గేటు ఉంది అని హెచ్చరిస్తుంది.

గుండ్రని బోర్డు: ఇది ఆజ్ఞ. తప్పకుండా పాటించాలి. ఎర్ర అంచు ఉంటే చాలావరకు "చేయకూడదు" అని. లోపల 40 అని ఉంటే గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదని అర్థం.

నలుపలకల నీలం బోర్డు: ఇది సమాచారం. ఆసుపత్రి, పెట్రోలు బంకు ఎక్కడున్నాయో చెబుతుంది.

ఎనిమిది మూలల ఎర్ర బోర్డు: ఆగాలి.

రెండో వారం పాలక్క మళ్లీ వెళ్లింది. పరీక్ష రుసుము ఇంకో 50 రూపాయలు కట్టింది. ఈసారి 14 సరిపోయాయి. బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "తెర మీద అక్షరాలు ఈసారి నిలబడ్డాయమ్మా" అంది.

బండి నేర్చుకునే పద్ధతి

పట్నంలో ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్లు నాలుగు వేలు అడిగారు. పాలక్క తమ్ముడికి గేరు బండి లైసెన్సు ఉంది. ఆయనే నేర్పుతానన్నాడు. హెడ్మాస్టరుగారిని అడిగి, బడి వదిలాక బడి మైదానం వాడుకున్నాం. బండికి ముందూ వెనకా తెల్ల అట్ట మీద ఎర్రగా ఎల్ అక్షరం రాసి కట్టాం. నేర్చుకునే రోజుల్లో వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు. నేర్పించేవారు మాత్రమే కూర్చోవచ్చు.

దుస్తులు: చీర కుచ్చెళ్లు, చున్నీ చక్రంలో పడితే ప్రాణానికే ముప్పు. పాలక్క అమ్మాయి చుడీదారు వేసుకుంది. చున్నీ వేసుకోలేదు, పైన మగవాళ్ల చొక్కా తొడిగింది. కాళ్లకు బూట్లు, లేదంటే వెనక పట్టీ ఉన్న చెప్పులు. వెనక కూర్చునేవాళ్ల కోసం చక్రానికి చీర గార్డు తప్పక ఉండాలి. మా బండికి అది ఊడిపోయి ఉంది. మళ్లీ వేయించాం.

మొదటి రోజు: ఇంజను వేయలేదు. స్టాండు తీయడం, వేయడం, బండిని పట్టుకుని నడిపించడం. ఈ బండి బరువు నూట పది కిలోల పైనే. బరువు మన వైపు కొద్దిగా వాల్చుకుని నడిపితే తేలిగ్గా వస్తుంది. అవతలి వైపు వాలితే ఆపలేం.

రెండో రోజు: ఏది ఎక్కడుందో నేర్చుకున్నాం. ఎడమ చేతికి క్లచ్చి. కుడి చేతికి ముందు బ్రేకు, రేసు. ఎడమ కాలికి గేరు. కుడి కాలికి వెనక బ్రేకు. కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా అన్నాం. గేర్లు అన్ని బండ్లకూ ఒకేలా ఉండవు. కొన్నిటికి అన్నీ కిందికే నొక్కాలి. కొన్నిటికి ఒకటి కిందికి, మిగతావి పైకి. మీ బండి పద్ధతి అడిగి తెలుసుకోండి.

మూడో రోజు: ఇంజను ఆపి, కొంచెం పల్లంలో బండి జారనిచ్చాం. రెండు బ్రేకులూ కలిపి మెల్లగా నొక్కి ఆపడం నేర్చుకున్నాం. ఇసుక మీద, కంకర మీద ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు. బండి జారిపోతుంది.

నాలుగో రోజు: ఇంజను వేశాం. క్లచ్చి పూర్తిగా పట్టుకుని మొదటి గేరు వేయాలి. కొద్దిగా రేసు ఇస్తూ క్లచ్చిని నిదానంగా వదలాలి. ఒకచోట బండి ముందుకు లాగుతున్నట్టు తెలుస్తుంది. అక్కడ చెయ్యి కాసేపు నిలపాలి. బండి కదిలాక మిగతాది వదలాలి.

పాలక్క క్లచ్చి ఒక్కసారిగా వదిలేసింది. బండి ఎగిరి దూకి పక్కకు పడింది. ఆమె మోచెయ్యి గీసుకుపోయింది. సైలెన్సరు తగిలి పిక్క మీద బొబ్బ లేచింది. పది నిమిషాలకు పైగా కాలి మీద చల్లని నీళ్లు పోశాం.

తమ్ముడు అన్నాడు, "అక్కా, గేదె పలుపు ఒక్కసారి వదులుతావా? కొద్దికొద్దిగా వదులుతావు కదా. ఇదీ అంతే."

ఆ మాటతో పాలక్కకు క్లచ్చి అర్థమైంది. నాకు కూడా అప్పుడే అర్థమైంది.

ఆగేటప్పుడు ఇలా: రేసు వదలాలి. రెండు బ్రేకులూ నొక్కాలి. ఆగబోయే ముందు క్లచ్చి పట్టాలి. ముందు ఎడమ కాలు నేలకు ఆనించాలి. కుడి కాలు బ్రేకు మీదే ఉంచాలి.

రెండో వారంలో రెండో గేరు, మూడో గేరు వేశాం. మూడో వారంలో మలుపులు, అద్దం చూడడం, చెయ్యి చూపడం. నాలుగో వారంలో పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద తిరిగాం.

నవ్విన వాళ్లకు జవాబు

మైదానం గోడ మీద కూర్చుని కొందరు నవ్వేవాళ్లు. "పాలు పొయ్యడం మానేసి రేసులకు పోతుందేమో" అన్నాడొకాయన. భర్త కూడా ఫోనులో, "బండికి దెబ్బ తగిలితే ఎవరు బాగు చేయిస్తారు?" అన్నాడు.

పాలక్క రెండు రోజులు రాలేదు. అప్పుడు బడిలో నేను ఒక నిజం సంగతి చెప్పాను.

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1991లో అక్కడ పెద్ద అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. షీలా రాణి చుంకత్ అప్పుడు అక్కడ కలెక్టరు. చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు నేర్పడం కూడా ఉద్యమంలో భాగం చేశారు. వేలాది మంది పల్లె ఆడవాళ్లు నేర్చుకున్నారు. కూలి పనివాళ్లు, రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు, అప్పుడే అక్షరాలు దిద్దిన వాళ్లు వారిలో ఉన్నారు. వాళ్లనూ చూసి నవ్వారు. వాళ్లు ఆగలేదు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. నీళ్లకు, పనికి, సంతకు సైకిలు మీద వెళ్లారు. బస్సు కోసం కాచుకునే బాధ తగ్గింది.

మూడో రోజు సాయంత్రం పాలక్క మైదానానికి వచ్చింది. భర్తకు ఫోను చేసి ఒకటే మాట చెప్పిందట. "బండికి దెబ్బ తగిలితే పాల డబ్బుల్లో బాగు చేయిస్తా. పిల్ల పరీక్ష పోతే దేంతో బాగు చేయించాలి?"

నేల మీద ఎనిమిది

పక్కా లైసెన్సు పరీక్షలో మా ఆఫీసులో ఎనిమిది అంకె ఆకారంలో బండి తోలమన్నారు. కాలు కింద పెట్టకూడదు. గీత దాటకూడదు.

పాలక్క ముగ్గు పిండి తెచ్చి మైదానంలో పెద్ద ఎనిమిది వేసింది. మొదట దాని మీద నడిచాం. తర్వాత మొదటి గేరులో మెల్లగా తిప్పాం. చక్రం వైపు చూస్తే పడిపోతాం. వెళ్లాల్సిన చోటు వైపు చూస్తే బండి అటే తిరుగుతుంది. పది రోజులు రోజూ వేశాం. పలక మీద ఎనిమిది దిద్దడానికి కూడా అన్నాళ్లు పట్టలేదని పాలక్క నవ్వింది.

పరీక్ష రోజు ఇద్దరం పాసయ్యాం. పాలక్క వయసు 30కి, 50కి మధ్య కాబట్టి ఆమె లైసెన్సు పదేళ్లు చెల్లుతుంది.

పాలక్క రాసిన లెక్క

ఇది పాలక్క తన నోటుబుక్కులో రాసుకున్న ఖర్చు:

ఎల్‌ఎల్‌ఆర్ రుసుము: 150 రూపాయలు
ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష, రెండుసార్లు: 100
బండి తోలే పరీక్ష: 300
లైసెన్సు కార్డు: 200
సర్వీసు చార్జీలు, ఫొటోలు, జిరాక్సు, బస్సు: 600
ఐఎస్‌ఐ గుర్తు ఉన్న హెల్మెట్టు: 1,000
నేర్చుకోవడానికి పెట్రోలు, 5 లీటర్లు: 550
బ్రేకులు, అద్దం, చీర గార్డు: 500
బీమా: 843
మొత్తం: 4,243 రూపాయలు

లైసెన్సు రుసుములు కేంద్ర ప్రభుత్వం 2016 డిసెంబరులో పెట్టినవి. సర్వీసు చార్జీ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. కట్టే ముందు అడగండి. కట్టాక రసీదు తీసుకోండి. రసీదులో ఉన్న అంకె చదవండి.

ఇక మిగులు చూద్దాం. పాలకేంద్రానికి వెళ్లి రావడానికి ఆటోకు రోజుకు 60 రూపాయలు. నెలకు 1,800. బండి మీద రోజుకు 12 కిలోమీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుందాం. లీటరుకు 55 కిలోమీటర్లు వస్తే, కిలోమీటరుకు 2 రూపాయలు. రోజుకు 24, నెలకు 720 రూపాయలు. ఆయిలుకు, రిపేరుకు నెలకు 180 పక్కన పెట్టాలి. అంతా పోను నెలకు 900 రూపాయలు మిగులుతాయి. పెట్టిన ఖర్చు ఐదు నెలల్లోపే తిరిగి వస్తుంది.

లైసెన్సు లేకుండా దొరికితే? 2019లో మార్చిన చట్టం ప్రకారం లైసెన్సు లేకపోతే 5,000 రూపాయలు, బీమా లేకపోతే మొదటిసారి 2,000, హెల్మెట్టు లేకపోతే 1,000. కొన్ని రాష్ట్రాల్లో ఈ మొత్తాలు మారాయి. జరిమానా కట్టొచ్చు. తలకు తగిలిన దెబ్బకు మాత్రం ఏ రసీదూ లేదు. హెల్మెట్టు పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించాలి. వెనక కూర్చున్న వారికి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్టు ఉండాలి. బండి మీద ఇద్దరే వెళ్లాలి.

ఇప్పుడు

పాలక్క పొద్దున ఆరున్నరకు రెండు క్యాన్లు కట్టుకుని పాలకేంద్రానికి వెళ్తుంది. వేగం నలభై దాటదు. భర్త సెలవుకు వచ్చినప్పుడు ఆమె వెనక కూర్చుని సంతకు వెళ్లాడు. వచ్చాక, "బ్రేకు నాకంటే మెత్తగా వేస్తుంది" అన్నాడు.

అమ్మాయి కాలేజీలో చేరింది. తాను కూడా తోలతానని పేచీ పెడుతోంది. "పద్దెనిమిది నిండనియ్యి. పిల్లలకు బండి ఇస్తే పెద్దవాళ్లకు 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. నేను చదివాను" అంటుంది పాలక్క.

మైదానంలో ఇప్పుడు ఇంకో ముగ్గురు ఆడవాళ్లు నేర్చుకుంటున్నారు. ముగ్గు పిండితో ఎనిమిది వేసేది పాలక్కే.

మాట్లాడుకుందాం

1. మీ ఇంట్లో బండి ఉందా? అది ఎవరెవరు తోలతారు? మిగతావాళ్లు ఎందుకు నేర్చుకోలేదు?
2. బండి లేక, ఆటో రాక మీకు ఎప్పుడు ఇబ్బంది అయింది? చెప్పండి.
3. పరీక్ష లేకుండా లైసెన్సు తెచ్చుకుంటే ఎవరికి నష్టం?

లెక్క వేయండి

1. మీ ఊరి నుంచి సంతకు వెళ్లి రావడానికి ఎన్ని కిలోమీటర్లు? ఆటోకు ఎంత? కిలోమీటరుకు 2 రూపాయల చొప్పున బండికి ఎంత?
2. నెలకు 900 మిగిలితే ఏడాదికి ఎంత?

చదవండి, రాయండి

1. మీ ఇంటి బండి బీమా కాగితం తీయండి. చివరి తేదీ చదివి ఇక్కడ రాయండి: ................
2. మీ ఊరి రోడ్డు మీద ఉన్న మూడు బోర్డుల ఆకారం గీయండి. ఒక్కొక్కటి ఏం చెబుతుందో రాయండి.